జేబులో పట్టే ట్రావెల్ కెమెరా: చెన్నైలో కొనేముందు ఏం చూడాలి, ఎలా చూడాలి

కెమెరా కొనాలన్న ఆలోచన రాగానే చాలామంది యూట్యూబ్ రివ్యూల్లో పడతారు. రెండు గంటలు గడిచేసరికి బడ్జెట్ రెట్టింపు అవుతుంది, ఏది కొనాలో మాత్రం తేలదు. రివ్యూలు తర్వాత చూద్దురుగాని, ముందు మీ ఫోన్ గ్యాలరీ తెరవండి.

మొదట: పాత ఫొటోల లెక్క తీయండి

ఈమధ్య తిరిగొచ్చిన ఊళ్ళ ఫొటోలు ముందేసుకుని, నచ్చినవి ఓ యాభై, ఎందుకో కుదరలేదనిపించినవి ఓ యాభై విడదీయండి. ఒక్కో ఫొటోకి డీటెయిల్స్ నొక్కితే ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు కెమెరా పెంచుకునే నంబర్, పెరిగేకొద్దీ ఫొటో గరుకవుతుంది), షటర్ స్పీడ్ (ఫొటో తీయడానికి పట్టిన సమయం), ఫోకల్ లెంగ్త్ (మి.మీ.లలో, ఎక్కువైతే దూరానివి దగ్గరికొస్తాయి) కనిపిస్తాయి. ఫోన్‌లో 1ఎక్స్ అంటే సుమారు 24 మి.మీ., 0.5ఎక్స్ అంటే 13 చుట్టుపక్కల, 3ఎక్స్ అంటే 70 పైన అనుకోండి. కొన్ని ఫోన్లు ఆరు, ఏడు మి.మీ. అని లెన్స్ అసలు కొలత చూపిస్తాయి. దాన్ని వదిలేసి, ఏ ఎక్స్‌లో తీశారన్నదే రాసుకోండి.

ఇప్పుడు కుదరని ఫొటోల దగ్గరికి రండి. పొద్దు గుంకాక పరిగెత్తే పిల్లలు అలుక్కుపోయారా? గోపురం మీది బొమ్మల్ని దగ్గరికి లాగితే మైనం పూసినట్టు నున్నగా అయిపోయాయా? ఎండలో స్క్రీన్ కనపడక సగం తల కోసేశారా? ఒక్కో ఇబ్బందికి ఒక్కో రకం కెమెరా ఉంది. అన్నిటికీ కలిపి ఒకటి మాత్రం జేబులో పట్టదు.

పెద్దగా ఇబ్బందులేమీ కనపడకపోతే కొనకండి. మంచి ఫోన్ ఉన్నవాళ్ళకి ఎండా నీడా కలిసిన చోట ఫోన్ తీసే ఫొటోయే చాలాసార్లు బాగుంటుంది. అది వరసగా చాలా ఫ్రేములు తీసి, కలిపి, సరిదిద్ది ఇస్తుంది. చిన్న కెమెరాలు చాలావరకు ఆ పని మీకే వదిలేస్తాయి. మిగిలిన డబ్బుతో ఇంకో టూర్ వేసుకోండి.

తర్వాత: సెన్సర్, లెన్స్ చూడండి, మెగాపిక్సెల్ కాదు

షాపువాడు మొదట చెప్పేది మెగాపిక్సెల్. మీరు మొదట అడగాల్సింది సెన్సర్ సైజు. జేబు కెమెరాల్లో ప్రధానంగా మూడు సైజులు దొరుకుతాయి. చిన్నది 1/2.3 అంగుళం రకం, సుమారు 6.2 × 4.6 మి.మీ. మధ్యది ‘ఒక అంగుళం’ రకం. పేరు అంగుళమే అయినా కొలిస్తే 13.2 × 8.8 మి.మీ. ఉంటుంది. పెద్దది ఏపీఎస్-సి, ఇంచుమించు 23.5 × 15.6 మి.మీ. చిన్నదానికంటే అంగుళం సెన్సర్ వైశాల్యం నాలుగు రెట్లు, ఏపీఎస్-సిది అంగుళం సెన్సర్ కంటే మూడు రెట్లు. అంటే ఒకే లైటులో, ఒకే ఎఫ్ నంబర్ దగ్గర, పెద్ద సెన్సర్ ఆ మేరకు ఎక్కువ వెలుతురు పోగు చేసుకుంటుంది. గ్రెయిన్, అంటే ఫొటోలో కనపడే చుక్కల గరుకు, తగ్గేది అక్కడే.

అందుకే ఒక మాట గట్టిగా చెబుతాను: ఫోన్ కంటే మంచి ఫొటో కావాలని కొనేటట్టయితే 1/2.3 సెన్సర్ కెమెరా జోలికి పోకండి. ఈరోజు ఖరీదైన ఫోన్ల మెయిన్ కెమెరా సెన్సర్ దానికంటే పెద్దది. ఆ చిన్న కెమెరాలతో ఉపయోగాలు రెండే. ఒకటి పొడుగాటి జూమ్, రెండు నీళ్ళలో తడిసినా పాడవకపోవడం. వాటి సంగతి కిందకి వస్తుంది.

సెన్సర్ తర్వాత లెన్స్ మీద రాసి ఉండే ఎఫ్ నంబర్. అది చిన్నదయ్యేకొద్దీ వెలుతురు ఎక్కువ వస్తుంది. జూమ్ లెన్స్‌కి రెండు నంబర్లుంటాయి, మొదటిది జూమ్ లేనప్పటిది, రెండోది పూర్తిగా లాగినప్పటిది. అమ్మేవాళ్ళు మొదటి నంబరే చెబుతారు, మీకు పని పడేది రెండోదానితో.

ఉదాహరణకి, తమిళుల పంగుని నెలలో (మార్చి–ఏప్రిల్) మైలాపూర్ కపాలీశ్వరుడి గుడి దగ్గర అరవత్తుమూవర్, అంటే అరవైముగ్గురు శివభక్తుల ఉత్సవం జరుగుతోంది. ఆ భక్తుల, అంటే నాయన్మార్ల విగ్రహాలు పల్లకీల్లో వస్తున్నాయి, మీరు జనం వెనకాల ఉన్నారు, వెలుగు తగ్గుతోంది. 100 మి.మీ. దాకా జూమ్ చేశారు. కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 3 లెన్స్ 24–100 మి.మీ., ఎఫ్/1.8–2.8, కాబట్టి ఆ చివరన కూడా ఎఫ్/2.8 ఇస్తుంది. సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 7 లెన్స్ 24–200 మి.మీ., ఎఫ్/2.8–4.5. అది 100 దగ్గరికి వచ్చేసరికే ఎఫ్/4.5కి చేరిపోతుంది. సెన్సర్ రెండిట్లోనూ ఒకటే సైజు. తేడా అంతా ఆ నంబర్లలోనే ఉంది: సోనీలోకి వచ్చే వెలుతురు కెనాన్‌కి వచ్చేదాంట్లో రెండున్నర వంతుల్లో ఒక వంతు. కెనాన్ ఐఎస్ఓ 1600తో తీసే ఫొటోకి సోనీ 4000 దాకా వెళ్ళాలి. పగటిపూట ఇదే సోనీ 200 దాకా లాగి ఎదురు మేడ మీది పావురాన్ని కూడా తీసిపెడుతుంది, కెనాన్ 100 దగ్గరే ఆగిపోతుంది. ఏది మేలు అని నన్నడిగితే, మీ గ్యాలరీలో సాయంత్రాలు ఎక్కువా, దూరాలు ఎక్కువా అని తిరిగి అడుగుతాను.

40ఎక్స్ జూమ్ అని బాక్స్ మీద పెద్దక్షరాలతో రాసేవి ఇంకో రకం. 40ఎక్స్ అంటే జూమ్ చివరకి, మొదటికి ఉన్న నిష్పత్తి మాత్రమే. కెనాన్ ఎస్ఎక్స్740 హెచ్ఎస్‌లో అది 24 నుంచి 960 మి.మీ. ఆ చివరన ఎఫ్/6.9. ఎఫ్/2.8తో పోలిస్తే ఆరోవంతు వెలుతురు, పైగా సెన్సర్ చిన్నది. మధ్యాహ్నం సూళ్ళూరుపేట దాటి నేలపట్టులో చెట్ల మీది గూడబాతుల్ని గుర్తుపట్టడానికి సరిపోతుంది. ఫ్రేము కట్టించి గోడకి తగిలించాలంటే మాత్రం సరిపోదు. పక్షుల ఫొటోలే మీ ప్రాణమైతే జేబు కెమెరా ఆలోచనే మానుకోండి.

జేబు కొలవండి

చిన్న కెమెరా అంటే అందరూ బరువు చూస్తారు. అసలు అడ్డొచ్చేది మందం. రికో జీఆర్ 3 మందం 33 మి.మీ., జీ7ఎక్స్ మార్క్ 3 మందం 41, ఆర్ఎక్స్100 మార్క్ 7 మందం 43. కాగితం మీద ఒక సెంటీమీటరు తేడా, జీన్స్ ముందు జేబులో మాత్రం నడుస్తుంటే తెలిసిపోతుంది. ఫ్యూజీ ఎక్స్100 సిక్స్ అందరి నోటా వినిపించే మాట నిజమే, కెమెరా కూడా బాగుంటుంది. కానీ 55 మి.మీ. మందం, 521 గ్రాముల బరువు. చలికోటు జేబులో పడుతుందేమో, చెన్నైలో చలికోటు ఎక్కడిది?

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఆ కొలతలకి దగ్గరగా ఉన్న సబ్బు పెట్టెనో, రెండు పాత ఫోన్లనో రబ్బరు బ్యాండుతో కట్టి, ఒక రోజంతా జేబులో వేసుకుని తిరగండి. టి.నగర్ రంగనాథన్ వీధిలో సాయంత్రం జనంలో ఒకసారి నడిస్తే చాలు. పంజాబీ డ్రెస్సుకీ చీరకీ జేబుండదు కాబట్టి ఆడవాళ్ళు అడ్డంగా వేసుకునే చిన్న పర్సుతో చూసుకోండి. జిప్ తీసి, ఒక చేత్తో బయటికి లాగి, ఆన్ చేయగలుగుతున్నారా అన్నదే పరీక్ష.

ఎవరికి ఏది

వీధులూ మనుషులూ, ఇరానీ చాయ్ కొట్లూ, బజార్లూ మీ ఇష్టమైతే రికో జీఆర్ 3 చూడండి. అందులో జూమే లేదు, 28 మి.మీ. ఒక్కటే. అది మరీ వెడల్పనిపిస్తే 40 మి.మీ. ఉన్న జీఆర్ 3ఎక్స్ ఉంది. జేబు సైజులో ఏపీఎస్-సి సెన్సర్ పెట్టడం దాని గొప్ప. ఫ్లాష్ లేదు, వ్యూఫైండర్ (కంటికి ఆనించి చూసే చిన్న కిటికీ) లేదు, ఒక చార్జికి కంపెనీ లెక్కలోనే 200 ఫొటోలు. కుటుంబంతో వెళ్ళి అందరి చేతా ఫొటోలు తీయించుకునేవాళ్ళకి ఇది ఇవ్వను, జూమ్ ఏదని ఇంట్లో రోజూ గొడవే.

ఇంటిల్లిపాదీ వెళ్ళే టూర్లకి అంగుళం సెన్సర్ జూమ్ కెమెరాలే సుఖం. మనుషులు, భోజనాలు, గుడి సాయంత్రాలు అయితే జీ7ఎక్స్ రకం. సోనీలో అదే తరహా కావాలంటే ఆర్ఎక్స్100 మార్క్ 3 నుంచి మార్క్ 5 దాకా వచ్చినవి: 24–70 మి.మీ., ఎఫ్/1.8–2.8. మార్క్ 3 2014 నాటిది, అయినా సెకండ్ హ్యాండ్‌లో మంచిది దొరికితే ఈరోజుకీ బాగా తీస్తుంది. కొండలు, కోటలు, దూరపు శిల్పాలు అయితే 24–200 ఉన్న మార్క్ 6 లేదా 7.

వ్యూఫైండర్ అవసరమా అని చాలామంది అడుగుతారు. మే నెల మధ్యాహ్నం మెరీనాలో నిలబడి స్క్రీన్ చూడటానికి ప్రయత్నించండి, మీకే తెలుస్తుంది. సోనీలో మార్క్ 3 నుంచి పైకి లేచే చిన్న వ్యూఫైండర్ ఉంది, జీ7ఎక్స్‌లో లేదు. నేనైతే దీనికి డబ్బు పెడతాను.

చెన్నై నుంచి అండమాన్ విమానం ఎక్కేవాళ్ళు, పిల్లలతో బీచ్‌లో గడిపేవాళ్ళు ఒలింపస్ టీజీ-6, దాని తర్వాత వచ్చిన ఓఎం సిస్టమ్ టీజీ-7 చూడొచ్చు. 15 మీటర్ల లోతు దాకా నీళ్ళలో పనిచేస్తాయి. సెన్సర్ చిన్నదే. కానీ లెన్స్ బయటికి పొడుచుకు రాదు, కాబట్టి ఇసుక దూరే సందులేదు. సముద్రంలో ముంచాక మంచినీళ్ళతో కడగటం మరచిపోవద్దు.

2000ల నాటి పాత డిజికామ్‌లు ఇప్పుడు కాలేజీ పిల్లల్లో ఫ్యాషన్. సరదాకి తీసుకోండి, అభ్యంతరం లేదు. కాకపోతే కొన్నిటికి ఎస్డీ కార్డు పట్టదు, వాటి కార్డులు దొరకవు, బ్యాటరీలు ముసలివైపోయి ఉంటాయి. అవి చూసుకుని బేరమాడండి.

కొనడానికి ఎక్కడికి వెళ్ళాలి

చెన్నైలో ఎలక్ట్రానిక్స్ అనగానే మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్ గుర్తొస్తుంది. విడిభాగాలు, కార్డులు, చార్జర్లకి సరైన చోటే. కొత్త కెమెరా మాత్రం బ్రాండ్ అధికారిక డీలర్ దగ్గరే తీసుకోండి. డీలర్ల పేర్లు కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంటాయి. బీచ్ స్టేషన్ దగ్గర బర్మా బజార్లో విదేశీ సరుకు చవగ్గా కనిపిస్తుంది. అక్కడైనా, రిచీ స్ట్రీట్ సందుల్లోనైనా “బిల్ వేణుమా, వేండామా?” (బిల్లు కావాలా, వద్దా?) అని అడిగారంటే ధర ఎందుకు తగ్గిందో అర్థమైనట్టే. బిల్లు లేకపోతే వారంటీ లేదు. చిన్న కెమెరాలో లెన్స్ మోటార్ పోయిందంటే రిపేర్ ఖర్చు మామూలుగా ఉండదు.

అధికారికంగా దిగుమతి కాని సరుకులో ఇంకో చిక్కు ఉంది. జపాన్ మార్కెట్ కోసం తయారైన సోనీ కెమెరాల్లో మెనూ జపనీస్‌లోనే ఉంటుంది, ఇంగ్లిష్‌కి మార్చే వీలుండదు. డబ్బిచ్చేముందు ఆన్ చేసి లాంగ్వేజ్ మెనూ తెరిచి చూడండి.

అమెరికా నుంచి తమ్ముడో మరదలో వస్తుంటే తెప్పించుకోవడం మన ఇళ్ళల్లో మామూలే. చార్జర్ గురించి బెంగ లేదు, కెమెరా చార్జర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి, ప్లగ్ పిన్ను మారిస్తే సరి. కానీ అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందా అన్నది కొనకముందే ఆ బ్రాండ్ ఇండియా కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. చాలావాటికి చెల్లదు.

షాపుకి వెళ్ళేటప్పుడు మీ ఎస్డీ కార్డు జేబులో వేసుకెళ్ళండి. డిస్‌ప్లే పీస్‌లో మీ కార్డు పెట్టి, షాపు గుమ్మం దగ్గర నిలబడి లోపలి చీకటి మూలని తీయండి. ఒకసారి జూమ్ లేకుండా, ఒకసారి పూర్తిగా లాగి, ఐఎస్ఓ 1600లో, 3200లో. రోడ్డు మీద వెళ్ళే ఆటోని తీయండి. రెండు మూడు మోడళ్ళతో ఇదే చేసి, ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టుకోండి. కార్డు పెట్టనివ్వని షాపులో కొనాల్సిన అవసరం లేదు, ఊరు పెద్దదే.

సెకండ్ హ్యాండ్ అయితే ఇలా చూడండి

పగలు, వెలుతురున్న చోట కలవమనండి. చేతిలోకి తీసుకోగానే ఆన్ చేయకండి. ముందు లెన్స్ చుట్టూ ఉన్న సన్నటి సందు చూడండి. అక్కడ ఇసుక రేణువులు మెరుస్తుంటే ఇక మాటలొద్దు, వెనక్కిచ్చేయండి. బయటికొచ్చి లోపలికి ముడుచుకునే లెన్సుల్లో ఎక్కువగా పోయేది ఆ యంత్రాంగమే, ఇసుక దానికి శత్రువు.

ఇప్పుడు చెవి దగ్గర పెట్టుకుని ఆన్ చేయండి. లెన్స్ ఒకే ఊపులో, ఒకే రకం మెత్తని శబ్దంతో బయటికి రావాలి. కరకరమన్నా, మధ్యలో ఆగి మళ్ళీ కదిలినా, ఒక పక్కకి ఒరిగినట్టున్నా వద్దు. పదిసార్లు ఆన్, ఆఫ్ చేయండి, జూమ్ ఇటూ అటూ లాగండి. అమ్మేవాడు చిరాకుపడినా పరవాలేదు.

తర్వాత దుమ్ము పరీక్ష. ఎఫ్/11 పెట్టి (లెన్స్ అంతదాకా వెళ్ళకపోతే వెళ్ళినంత), తెల్లగోడనో ఖాళీ ఆకాశాన్నో తీయండి. ఫోకస్ సరిగ్గా లేకపోయినా నష్టంలేదు. ఫొటోని జూమ్ చేసి మూలమూలా వెతకండి. మసగ్గా, గుండ్రంగా బూడిదరంగు చుక్క కనిపించి, ఇంకో ఫొటోలోనూ అదే చోట ఉంటే సెన్సర్ మీద దుమ్ము చేరినట్టు. లెన్స్ మార్చే కెమెరాలో అయితే ఊది తుడవొచ్చు, వీటిలో మొత్తం విప్పాలి. ఒకటి రెండు చుక్కలుంటే ధర తగ్గించమనండి, ఆకాశమంతా ఉంటే వదిలేయండి.

ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి లెన్స్ లోపలికి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్. మన తీరప్రాంతపు ఉక్కలో బీరువాలో పడేసిన కెమెరాలకి ఇది తప్పదు. బ్యాటరీ బయటికి తీసి బల్ల మీద పెట్టండి, పొట్ట ఉబ్బి ఊగుతుంటే అది మార్చాల్సిందే. సీరియల్ నంబరు బాక్సుమీదిదీ, బిల్లుమీదిదీ, కెమెరా అడుగునున్నదీ ఒకటేనా చూసి అప్పుడు డబ్బు పంపండి.

దానితోపాటు కొనాల్సినవి

రెండో బ్యాటరీ తప్పనిసరి. ఆర్ఎక్స్100 మార్క్ 7కి కంపెనీ లెక్క 260 ఫొటోలు, వీడియో తీస్తే ఇంకా ముందే అయిపోతుంది. విమానంలో విడి బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టుకోవాలి, చెకిన్ లగేజీలో వేయకూడదు. వీ30 (వీడియో రాసుకునే వేగానికి గుర్తు) అని రాసున్న 64 జీబీ కార్డు చాలు. నకిలీ కార్డులు ఎక్కువ కాబట్టి కొన్నాక పూర్తిగా నింపి, అందులోని ఫైళ్ళు తిరిగి కాపీ అవుతున్నాయో లేదో చూడండి.

చెన్నైలో ముఖ్యంగా ఇంకోటి: ఏసీ కారులోంచి, ఏసీ గదిలోంచి బయటికి రాగానే లెన్స్ మీద మంచు పట్టినట్టు తేమ కమ్ముతుంది. తుడవకండి, మళ్ళీ పడుతుంది. బయటికి రాకముందే కెమెరాని జిప్‌లాక్ కవర్లో గాలి తీసి మూసి, బయటి వేడికి అలవాటయ్యాక, ఓ ఇరవై నిమిషాలకి తీయండి. ఇంట్లో మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. తోలు పౌచ్‌లో మాత్రం దాచకండి, అది తేమని పట్టి ఉంచుతుంది.

కొన్న మొదటి వారం

ఏదో ఒకరోజు కోసం దాచిపెట్టకండి. ఆదివారం పొద్దున్నే కాశిమేడు చేపల రేవుకో, కోయంబేడు పూల మార్కెట్‌కో వెళ్ళండి. వేలకొద్దీ మెనూలు చదవక్కర్లేదు: అపెర్చర్ ప్రయారిటీ (ఎఫ్ నంబర్ మీరు ఎంచుకుంటే మిగతాది కెమెరా చూసుకునే మోడ్) పెట్టి, ఆటో ఐఎస్ఓ పరిమితి అంగుళం సెన్సర్‌కి 3200, మినిమమ్ షటర్ స్పీడ్ 1/125 పెట్టుకోండి. ‘రా’ ఫైలుతో (తర్వాత సరిదిద్దుకోవడానికి వీలున్న ముడి ఫొటో) పాటు జేపెగ్ కూడా తీయండి. తేదీ, టైము సరిచేసుకోండి, లేకపోతే ఏ ఫొటో ఏ ఊరిదో తెలీక తర్వాత తిప్పలు. మహాబలిపురం లాంటి పురావస్తు శాఖ కట్టడాల దగ్గర కెమెరా చేత్తో పట్టుకుని ఫొటోలు తీసుకోవచ్చు, ట్రైపాడ్‌కి అనుమతి కావాలి. తిరుమల గుడిలోకి కెమెరా తీసుకెళ్ళనివ్వరు, కాబట్టి దర్శనం రోజు గదిలోనే వదిలేయండి.

ఇంటికొచ్చాక ఒక ఇటుక గోడనో, పుస్తకాల అలమరనో ఎదురుగా నిలబడి తీసి, నాలుగు మూలలూ పెద్దది చేసి చూడండి. నాలుగూ కొంచెం మెత్తగా ఉంటే మామూలే. ఒక మూల మాత్రమే మసగ్గా ఉండి, మళ్ళీ తీసినా అదే మూల అలాగే వస్తే లెన్స్ వంకరగా కూర్చుందన్నమాట. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆ ఫొటోలూ, బిల్లూ, బాక్సూ పట్టుకుని షాపుకి వెళ్ళండి. మార్చి ఇచ్చే గడువు చాలాచోట్ల కొద్ది రోజులే, అది దాటితే సర్వీస్ సెంటర్‌కి తిరగడమే.